క్యూఎంపీ షెల్ ఉలకకుండా కూర్చుంటే

క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో నడిచే వర్చువల్ మెషీన్‌ను (కంప్యూటర్‌లోనే నడిచే మరో కంప్యూటర్‌ను) బయటినుంచి ఆపడం, మళ్లీ నడిపించడం పరీక్షించడానికి క్యూఎంపీ షెల్ పెట్టుకున్నాను. క్యూఎంపీ అంటే ఆ ఎమ్యులేటర్‌కు ఆదేశాలు పంపే ప్రోటోకాల్. క్యూఎమ్యూ సోర్సుతో పాటే వచ్చే పైథాన్ స్క్రిప్టు ఇది. ఆదేశాలను జేసన్ అనే టెక్స్టు రూపంలో చేత్తో టైపు చేసే బాధ తప్పుతుంది. మొట్టమొదట పంపి తీరాల్సిన ‘క్యూఎంపీ_కేపబిలిటీస్’ ఆదేశాన్నీ తనే పంపేస్తుంది. అది అందనిదే ఎమ్యులేటర్ మరో మాట వినదు.

నా షెల్ మాత్రం ప్రాంప్టు కూడా ఇవ్వకుండా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. షెల్, ఎమ్యులేటర్ మాట్లాడుకునే సాకెట్ ఫైలు ఉంది, అనుమతులు సరిగానే ఉన్నాయి. ఒక్క ఎర్రర్ సందేశం వచ్చినా ఎంత మేలయ్యేదో! సాకెట్లను చూపే ‘ఎస్ఎస్ -ఎక్స్’ ఆదేశంతో చూస్తే అసలు సంగతి తెలిసింది: వెనకాల నడుస్తున్న పరీక్షల స్క్రిప్టు అదే సాకెట్‌ను పట్టుకుని ఉంది. ఒక క్యూఎంపీ సాకెట్ ఒకసారికి ఒక్క క్లయింటుతోనే (కనెక్టయ్యే ప్రోగ్రాంతోనే) మాట్లాడుతుంది. రెండోవాడికి పలకరింపు కూడా ఉండదు, వరుసలో నిలబడాల్సిందే.

మెషీన్‌ను ప్రారంభించే ఆదేశంలో ‘-క్యూఎంపీ’ ఆప్షన్‌ను వేరే సాకెట్ పేరుతో రెండోసారి ఇచ్చి, ‘సర్వర్=ఆన్,వెయిట్=ఆఫ్’ జోడించాను. వెయిట్ ఆఫ్ చేయకపోతే క్లయింటు వచ్చేదాకా గెస్ట్, అంటే లోపలి వర్చువల్ మెషీన్, మొదలే కాదు. ఇప్పుడు స్క్రిప్టు ఒకదానిలో ‘స్టాప్’ పంపితే, నేను రెండోదానిలో ‘క్వెరీ-స్టేటస్’ కొట్టి ‘పాజ్డ్’ అన్న జవాబు చూస్తున్నాను. షెల్‌ను ‘-వి’తో తెరిస్తే వెళ్లిన జేసన్ కూడా కనిపిస్తుంది.