హెల్మెట్ పైన క్లీన్ చేసే ముందు ఇవి చూస్కోండి

అన్నిటికన్నా ముందు, పెట్రోల్, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. చాలామంది బండి తుడిచిన పెట్రోల్ గుడ్డతోనే హెల్మెట్ కూడా ఒక తుడుపు తుడిచేస్తారు, మెరుస్తుంది గానీ ఏబీఎస్, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన షెల్ (పైనుండే గట్టి డొప్ప) అయితే బలం తగ్గి సన్న పగుళ్లు రావొచ్చు, అవి కంటికి కనపడకపోవచ్చు కూడా.

- బ్లూటూత్ ఉంటే తీసేయండి, వైజర్ (ముందుండే అద్దం) విప్పి పక్కన పెట్టండి, గాలి రంధ్రాలు మూసేయండి.
- వైజర్ మీద దుమ్ముంటే పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడ్డాయంటే రాత్రిపూట ఎదురు బండి లైట్లకి రోడ్డే కనపడదు.
- అతుక్కుపోయిన పురుగుల్ని గోరుతో గీకకుండా తడిగుడ్డ కప్పి ఓ పది నిమిషాలు వదిలేయండి, మెత్తబడి ఊడొస్తాయి.
- మ్యాట్ ఫినిష్‌కి పాలిష్ వద్దు, మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది.
- నీళ్లలో రెండు చుక్కలు బేబీ షాంపూ చాలు.
- ఆరబెట్టేది నీడలో, ఎండలో కాదు.