పరిణామ జీవశాస్త్రంలో పోస్ట్‌డాక్ కోసం ప్రయత్నించేవారికి

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) సంగతి థీసిస్ సమర్పించాక చూసుకుందామనుకోవడం పరిణామ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవారిలో చాలామంది చేసే పొరపాటు; నేనూ చేశాను. దరఖాస్తుకూ చేరికకూ మధ్య దాదాపు ఏడాది గడిచిపోవడం మామూలే కనుక, చివరి అధ్యాయం రాస్తుండగానే వెతకడం మొదలుపెట్టాలి.

అవకాశాలు రెండు తీరులుగా ఉంటాయి. ప్రొఫెసర్ తన ప్రాజెక్టు నిధులతో ప్రకటించే ఉద్యోగంలో ప్రశ్న వారిది, నైపుణ్యం మీది. మీ పేరు మీదే మంజూరయ్యే ఫెలోషిప్‌లో ప్రశ్న కూడా మీదే కావాలి. ఈ రెండో దారి పట్టేవారు ముందుగా అర్హత గడువులు చూసుకోవాలి, ఎందుకంటే ఒక్కో సంస్థ కాలాన్ని ఒక్కో రకంగా లెక్కిస్తుంది. ఐరోపా సమాఖ్య ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనానుభవం 8 ఏళ్లు మించకూడదు. పైగా దరఖాస్తు గడువుకు ముందటి 36 నెలల్లో, చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. అందువల్ల జర్మనీలో ఇప్పుడే పీహెచ్‌డీ ముగించిన తెలుగు విద్యార్థి మరో దేశం చూసుకోవాల్సి వస్తుంది గానీ, మనదేశంలోని పరిశోధన సంస్థలైన హైదరాబాద్ సీసీఎంబీలోనో తిరుపతి ఐసర్‌లోనో చదివినవారికి ఈ చిక్కు లేదు. ఐరోపా అణు జీవశాస్త్ర సంస్థ ఎంబో ఇచ్చే ఫెలోషిప్‌కైతే పీహెచ్‌డీ పట్టా వచ్చి రెండేళ్లు దాటకూడదు. మనదేశంలోనే ఉండదలచినవారికి, ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ సెర్బ్ ఇచ్చి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ ఇస్తున్న జాతీయ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. రెండేళ్ల కాలం, వయోపరిమితి 35, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ సడలింపు.

అసలు కష్టం మొదటి ఈమెయిల్ దగ్గరే. ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి ముప్పై ల్యాబ్‌లకు పంపి, ఒక్క జవాబూ రాక కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: మీ ఘనత కన్నా మీ ప్రశ్న ముందు కనబడాలి. ఉదాహరణకు, పండ్ల ఈగల (డ్రోసోఫిలా) మీద పనిచేసినవారు ఇలా రాయవచ్చు: "ఆకలిని తట్టుకునేలా తరతరాలుగా ఎంపిక చేసిన డ్రోసోఫిలా ఈగల్లో కొవ్వు నిల్వలు పెరగడం నా థీసిస్‌లో గమనించాను. విడివిడిగా పెంచిన మీ ఈగల జనాభాలన్నిటిలో ఆ మార్పు ఒకే జన్యువుల ద్వారా వచ్చిందా, వేర్వేరు దారుల్లో వచ్చిందా అన్నది మీ జీనోమ్ డేటాతో పరీక్షించాలని ఉంది." దీని కింద మీరు స్వయంగా చేయగల విశ్లేషణ ఏమిటో ఒక వాక్యం, బయోఆర్కైవ్ వెబ్‌సైట్‌లోని మీ ప్రీప్రింట్ (పత్రికలో అచ్చుకాకముందే అందరికీ అందుబాటులో ఉంచిన వ్యాసం) లింకు, సీవీ చాలు. ఆ ల్యాబ్ ఇటీవలి వ్యాసాలు రెండైనా చదవకుండా ఇలాంటి ఉత్తరం రాయలేరు. అవతలివారు పసిగట్టేదీ అదే. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయడంలో తప్పులేదు, అంతకు మించి వద్దు.

మేరీ క్యూరీ ప్రతిపాదనలో ప్రధాన భాగం 10 పేజీలు. మార్కుల్లో 50 శాతం శాస్త్రీయ నాణ్యతకు, 30 ప్రభావానికి, 20 అమలుకు. మనవాళ్లు నేపథ్యం రాయడానికే నాలుగు పేజీలు ఖర్చుచేసి, ఫలితం అనుకున్నట్టు రాకపోతే ఏం చేస్తారో చెప్పడం మరచిపోతుంటారు. గడువు సాధారణంగా సెప్టెంబరులో, బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలకు, అంటే మనకు రాత్రి 8:30కి ముగుస్తుంది. గడువులోగా ఎన్నిసార్లు మార్చి పంపినా చివరి ప్రతినే లెక్కలోకి తీసుకుంటారు కనుక, అసంపూర్ణంగా ఉన్నా ఒక ప్రతిని వారం ముందే పోర్టల్‌లో సమర్పించి ఉంచండి.