వెళ్ళే ముందు – 3వ పాఠం: కాగితాలు

కొట్టే భర్త ఇంట్లోంచి క్షేమంగా బయటపడాలనుకునే ఆడవాళ్ళ కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో నమ్మదగిన మనిషిని ఒక్కరిని చూసుకోమన్నాను. ఆ మనిషి దొరికాకే ఇది మొదలుపెట్టండి. ఇవాళే ప్రాణభయం ఉందంటే పాఠాలు పక్కన పెట్టి 112కి ఫోన్ చేయండి.

సర్దిన సూట్‌కేసు ఇంట్లో ఉండకూడదు. మీరు వెళ్ళిపోతున్నారని అతనికి తెలిసిన రోజే అన్నిటికన్నా ప్రమాదం. అందుకే సంచి ముందునుంచీ వేరే ఇంట్లో నిండాలి, కొద్దికొద్దిగా.

గాజువాకలో నాకు తెలిసినావిడ వారానికోసారి రైతు బజారుకి వెళ్ళేది. సంచి అడుగున ప్లాస్టిక్ కవర్లో ఒక్క కాగితం పెట్టుకుని, దార్లో పిన్నిగారింట్లో దిగి, బియ్యం డబ్బాలో దాచి, గోగాకు కట్టలతో ఇంటికొచ్చేది. మొదట పదో తరగతి సర్టిఫికెట్. తర్వాత పిల్లాడి పుట్టిన సర్టిఫికెట్, పెళ్ళి కార్డు, దెబ్బలకి కట్టు కట్టించుకున్న నాటి ఆస్పత్రి చీటీలు. రెండు నెలలు పట్టింది. బీరువాలో ఫైలు పలచబడకుండా పాత కరెంటు బిల్లులు పెడుతూ వచ్చింది. ఆ తెలివికి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఆధార్ ఒరిజినల్ మాత్రం రోజూ పట్టుకెళ్ళే పర్సులోనే ఉంచండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కినా ఉచిత టికెట్టుకి చూపించాలి.

బంగారం? ఎప్పుడూ వేసుకునేవి వేసుకునే బయల్దేరండి. మిగతావి ఫొటో తీసి ఆ మనిషికి చేర్చండి. పెళ్ళి ఆల్బమ్ ఫొటోలు కూడా పనికొస్తాయి. మీ స్త్రీధనం తిరిగి ఇమ్మని 2005 గృహహింస చట్టం కింద కోర్టు ఆదేశించగలదు. నగల కోసం ఒంటరిగా వెనక్కి మాత్రం వెళ్ళొద్దు.

ఫోన్ దగ్గరే చాలామంది దొరికిపోతారు. లొకేషన్ ఒక్కసారిగా ఆపేస్తే అనుమానం వస్తుంది, ఇప్పుడే ముట్టుకోకండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి పక్కింటి ఫోన్‌లోంచో, ఆఫీసు ఫోన్‌లోంచో చేయండి. బ్యాంకు మెసేజీ, ఆధార్ ఓటీపీ ఎవరి నంబరుకి వస్తున్నాయో ముందే చూసుకోండి. అతని నంబరుకైతే డబ్బు తీయగానే తెలిసిపోతుంది. ఇంటి ఖర్చులోంచి యాభై, వంద పక్కన పెట్టి, అవీ ఆ నమ్మదగిన మనిషి ఇంటికే చేర్చండి.

ఈ వారం పని: ఒక్క కాగితం. ఏది తీస్తే అతను వెతకడో అది. వచ్చే పాఠంలో 181 వాళ్ళతో ఏం చెప్పాలో, మొదటి రాత్రి ఎక్కడ పడుకోవాలో చూద్దాం.