భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టే హాల్ సెన్సార్ మీటర్ ఎలా తయారు చేయాలి?

భూమి అయస్కాంత క్షేత్రం 0.25 నుంచి 0.65 గాస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) వరకే ఉంటుంది. చవకగా దొరికే 49ఈ హాల్ సెన్సార్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని వోల్టేజిగా మార్చే చిప్, గాస్‌కి సుమారు 1.4 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే మనకు వచ్చేది ఒక మిల్లీవోల్టు కూడా కాదు, అదీ క్షేత్రం లేనప్పుడు కూడా సెన్సార్ ఇచ్చే 2.5 వోల్టుల మీద ఎక్కి కూర్చుని వస్తుంది. అలాగే వంద రెట్లు పెంచితే ఆప్-ఆంప్ (చిన్న వోల్టేజిని పెంచే సర్క్యూట్) అవుట్‌పుట్ పైకి వెళ్లి అతుక్కుపోతుంది. అందుకే ముందు ఆ 2.5 వోల్టులను తీసేయాలి, తర్వాతే పెంచాలి.

మొదట బ్యాటరీ, వోల్టేజిని నిలకడగా ఉంచే 7805 రెగ్యులేటర్‌తో 5 వోల్టులు తయారు చేసుకోండి. ఆ 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 1 కిలో ఓమ్ మల్టీటర్న్ ప్రీసెట్ (స్క్రూ తిప్పి సరిచేసే రెసిస్టర్), మరో 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ వరసగా కలపండి. సెన్సార్‌కి కూడా ఇదే సప్లై ఇవ్వాలి. అప్పుడు వోల్టేజి కాస్త ఊగినా రెండూ కలిసే ఊగుతాయి, తేడా పెద్దగా చెదరదు.

ఎల్ఎమ్358 ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లు ఉంటాయి. ఒకదాన్ని ప్రీసెట్ మధ్య కాలుకి బఫర్‌గా, అంటే ఆ వోల్టేజిని మార్చకుండా ముందుకు పంపేలా, వాడండి. రెండోదాని ప్లస్ ఇన్‌పుట్‌కి సెన్సార్ అవుట్‌పుట్ ఇవ్వండి. దాని మైనస్ ఇన్‌పుట్ నుంచి బఫర్‌కి 1 కిలో ఓమ్, అవుట్‌పుట్‌కి 100 కిలో ఓమ్ పెట్టండి. గెయిన్ 101 వస్తుంది, అంటే సెన్సార్ సిగ్నల్ 101 రెట్లు పెరుగుతుంది. 100 కిలో ఓమ్‌కి సమాంతరంగా పోలారిటీ లేని 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే కరెంటు వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద బాగా తగ్గుతుంది.

రెండో ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌కి పెట్టిన మల్టీమీటర్ 2.5 వోల్టుల దగ్గర నిలిచేదాకా ప్రీసెట్ నెమ్మదిగా తిప్పండి. స్క్రూ వెంట్రుకవాసి కదిలినా అంకెలు పరుగెడతాయి, కంగారు పడకండి. ఇప్పుడు సెన్సార్ ముఖాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి తిప్పితే రీడింగ్ సుమారు 0.1 వోల్టు మారాలి. వేళ్లతో చిప్‌ను పట్టుకోవద్దు. ఆ వేడికే సున్నా (మీరు సరిచేసుకున్న 2.5 వోల్టుల రీడింగ్) జరిగిపోతుంది. చెక్క ముక్కకి అతికించి, దూది కప్పండి. దగ్గర్లో ఇనుప మేకులు, స్క్రూలు ఉండకూడదు.

నాకు బాగా నచ్చిన భాగం ఫెర్రైట్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని తన గుండా లాక్కునే నల్లటి పదార్థం. పాత రేడియో యాంటెన్నా కడ్డీని ఆకురాయితో గీసి రెండుగా విరిచి, చిప్ ముందు ఒకటి, వెనక ఒకటి తాకేలా నిలబెట్టండి. చుట్టుపక్కల క్షేత్రం కడ్డీల గుండా చిప్ మీదికి చేరి, సిగ్నల్ కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎన్ని రెట్లు అన్నది కడ్డీల పొడవు, మధ్య ఖాళీ బట్టి ఉంటుంది కాబట్టి మీరే కొలవాలి. కడ్డీల కంటే బాగా పొడవైన ప్లాస్టిక్ పైపు మీద సెంటీమీటరుకి 10 చుట్ల చొప్పున రాగి తీగ చుట్టి, 10 మిల్లీ ఆంపియర్లు పంపితే లోపల 0.126 గాస్ వస్తుంది. ఆ కరెంటుకి రీడింగ్ ఎంత మారిందో ఫెర్రైట్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి కొలిచి, రెండోదాన్ని మొదటిదాంతో భాగించండి. బలమైన అయస్కాంతం మాత్రం దగ్గరికి తేవద్దు. ఫెర్రైట్‌లో కొంత అయస్కాంతత్వం మిగిలిపోయి సున్నా మళ్లీ సరిచేయాల్సి వస్తుంది.