చూడవచ్చినవారు, చూస్తూ నిలబడ్డవారు, సాక్షులు: ఇంగ్లిష్‌లో ఎవరిని ఏమనాలి

ప్రేక్షకుడు, సాక్షి అన్న రెండు మాటలతో తెలుగులో చాలా పని గడిచిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. రాసేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ మనిషి చూడ్డానికే వచ్చాడా, లేక అనుకోకుండా అక్కడ ఉన్నాడా? చూసినదాన్ని తర్వాత ఎవరికైనా చెప్పాల్సిన బాధ్యత అతని మీద ఉందా?

చూడ్డానికే వచ్చినవాళ్లతో చిక్కు లేదు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ చూసేవారు స్పెక్టేటర్లు. రవీంద్రభారతిలో నాటకానికో కచేరీకో కూర్చున్నవారంతా కలిసి ఆడియన్స్. ఇంట్లో టీవీ ముందున్నవారు వ్యూయర్లు. యూట్యూబ్‌లో మాత్రం వ్యూస్ వేరు, వ్యూయర్లు వేరు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ చూస్తే వ్యూస్ పెరుగుతాయి, వ్యూయర్ ఒక్కడే.

ఆడియన్స్ దగ్గర మనవాళ్లు తరచూ పొరబడతారు. చివర 'స్' వినబడగానే బహువచనం అనుకుని, ఒక్క మనిషిని 'వన్ ఆడియన్స్' అనేస్తారు. అది మొత్తం గుంపు పేరు. ఒక్కరి గురించి చెప్పాలంటే 'ఏ మెంబర్ ఆఫ్ ది ఆడియన్స్' అనాలి. 'ఆడియన్సెస్' అంటే ఎక్కువమంది జనం అని కాదు, వేర్వేరు గుంపులని.

అసలు తికమకంతా రోడ్డు మీదే. సూర్యాపేట దగ్గర హైవే మీద లారీ బైకును గుద్దిందనుకోండి. దారిన పోతున్నవాడు పాసర్‌బై. బహువచనంలో 'స్' చివర కాదు, మధ్యలో వస్తుంది: పాసర్స్‌బై. టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్న, ప్రమాదంతో సంబంధం లేని మనిషి బైస్టాండర్. అతను ఆ క్షణంలో అటు చూసి ఉండకపోవచ్చు కూడా. చుట్టూ మూగి చూస్తున్నవారు ఆన్‌లుకర్లు. ఈ మాటకు చూడటమే తప్ప చెయ్యి వేయలేదన్న ధ్వని ఉంది. అందుకే గాయపడినవాణ్ని ఆటో ఎక్కించినవారిని ఆన్‌లుకర్లు అని రాస్తే అన్యాయం. వారు బైస్టాండర్లు. చట్టం వారిని గుడ్ సమారిటన్ అంటుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో చేరిన 134ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు వారిని బలవంతపెట్టకూడదు.

గుద్దడం కళ్లారా చూసినవాడే ఐవిట్‌నెస్. చప్పుడు విని తల తిప్పినవాడు చూసింది గుద్దుడు కాదు, దాని తర్వాతిది. వాంగ్మూలంలో ఆ తేడా దాచకూడదు. 'ఐ హర్డ్ ఏ లౌడ్ నాయిజ్ అండ్ టర్న్‌డ్' అని ఉన్నదున్నట్టు రాయడమే మేలు. ఐవిట్‌నెస్ అని చెప్పుకున్నాక, లారీ ఏ వైపు నుంచి వచ్చిందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే మొత్తం సాక్ష్యమే నీరుగారిపోతుంది.

విట్‌నెస్ దీనికంటే పెద్ద మాట. గాయాలు పరీక్షించిన డాక్టరు ప్రమాదం చూడకపోయినా కోర్టులో విట్‌నెస్సే. మన రెండు రాష్ట్రాల చార్జిషీట్లలో సాక్షుల జాబితాకు ఎల్.డబ్ల్యు. (లిస్టెడ్ విట్‌నెస్, అంటే జాబితాలోని సాక్షి) 1, 2 అని నంబర్లుంటాయి. ప్రాసిక్యూషన్ తరఫున కోర్టులో సాక్ష్యం చెప్పాక అదే మనిషి పి.డబ్ల్యు. (ప్రాసిక్యూషన్ విట్‌నెస్) అవుతాడు. జాబితాలో కొందరిని పిలవరు కాబట్టి రెండు నంబర్లూ ఒకటే ఉండాలని లేదు. కాగితం చదివేటప్పుడు పేరు చూసుకోండి. ఇంకో సంగతి. పంచనామా మీద సంతకం పెట్టేవారిని మిగతా చోట్ల పంచ్ విట్‌నెస్ అంటే, మన కోర్టు కాగితాల్లో మీడియేటర్ అంటారు. రాజీ కుదిర్చే మధ్యవర్తి అనుకుని అనువాదం చేస్తే అర్థమే మారిపోతుంది.

వాక్యంలో పెట్టేటప్పుడు, నామవాచకమైతే 'టు' వస్తుంది: 'షి వాజ్ ఏ విట్‌నెస్ టు ది యాక్సిడెంట్'. క్రియ అయితే 'టు' రాదు: 'షి విట్‌నెస్‌డ్ ది యాక్సిడెంట్'. 'ఏ' వదిలేసి 'ఐ యామ్ విట్‌నెస్' అనడం మనలో బాగా కనిపించే తప్పు.

దస్తావేజుల్లో ఆటెస్టింగ్ విట్‌నెస్ అంటే, రాసిచ్చిన మనిషి సంతకం చేస్తుండగా చూసిగానీ, 'ఈ సంతకం నాదే' అని అతని నోట వినిగానీ, అతని ఎదుటే తానూ సంతకం పెట్టినవాడు. లోపల ఏముందో చదివి ఉండాల్సిన పని లేదు. వీలునామాకు, స్థిరాస్తి గిఫ్ట్ డీడుకు ఇలాంటివారు కనీసం ఇద్దరు ఉండాలి. కాగితం రాసిన లేఖరి సంతకం ఉన్నంత మాత్రాన అతను ఆటెస్టింగ్ విట్‌నెస్ అయిపోడు. సబ్ రిజిస్ట్రార్ ముందు 'ఈయన ఫలానా' అని గుర్తుపట్టి చెప్పేవారు ఐడెంటిఫైయింగ్ విట్‌నెస్‌లు. ఆ పని వేరు.

అబ్జర్వర్ ఊరికే చూసేవాడు కాదు, చూసి నివేదిక ఇవ్వడానికి పంపినవాడు. ఎన్నికల్లో జనరల్, పోలీస్, ఎక్స్‌పెండిచర్ అబ్జర్వర్లను ఎన్నికల సంఘం నియమిస్తుంది. బూత్‌లో కూర్చుని ఓటర్లను గమనించే పార్టీ మనిషి అబ్జర్వర్ కాదు. అతను అభ్యర్థి తరఫు పోలింగ్ ఏజెంట్.