ఆడకుక్క రొమ్ముగడ్డ: ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తలు

• ఒక్క చన్ను దగ్గర జొన్నగింజంత గడ్డ తగిలినా అన్నీ తడిమి చూడండి. కుక్కకు సాధారణంగా ఐదు జతలుంటయి, ఇంకోదాంట్లో దాగి ఉండొచ్చు. టేపుతో కొలిచి, తేదీ వేసి రాసుకోండి. 3 సెంటీమీటర్లు దాటకముందే తీయిస్తే మేలు.

• పసుపు, సున్నం పట్టు వద్దు. మా దేవరకొండ దిక్కు ముందు అదే చేస్తరు, పుండు పడ్డంక డాక్టర్ యాదికొస్తడు.

• రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కోతకు ముందే. గడ్డ క్యాన్సరై ఊపిరితిత్తులకు పాకిందేమో చూడాలె.

• "క్యాన్సరేనా సార్?" అంటే చేత్తో తాకి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. దాదాపు సగం గడ్డలు ప్రమాదం లేనివే. తీసిన ముక్కను పారేయకుండా ఫార్మాలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం) వేసి ల్యాబుకు పంపమని ముందే చెప్పుకోండి.

• ముందురాత్రి నుంచి తిండి బంద్. నీళ్లెప్పుడు ఆపాలో డాక్టర్‌ను అడగండి.

• మెడకు గరాటు లాంటి కాలర్ కొని పెట్టుకోండి, లేకుంటే కుట్లు నాకుతది.