తక్కువ ఖర్చు టిష్యూ కల్చర్: సీసాలు చెడిపోతుంటే ఏం చూడాలి, ఏం చేయాలి

టిష్యూ కల్చర్ అంటే మొక్క నుంచి తీసిన చిన్న ముక్కను సీసాలో, పోషకాలు కలిపిన జెల్లీ లాంటి యానకంపై, సూక్ష్మజీవులు లేకుండా పెంచి కొత్త మొక్కలు చేయడం. ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ యంత్రం స్థానంలో ప్రెషర్ కుక్కర్‌ను, ప్రయోగశాల సుక్రోజ్ స్థానంలో మామూలు పంచదారను, గాజు ఫ్లాస్కుల స్థానంలో జామ్ సీసాలను వాడితే మొక్కకు నష్టమేమీ లేదు. వర్ధమాన దేశాల కోసం ఇలాంటి చౌక మార్గాలను వివరిస్తూ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2004లోనే ఒక సంపుటిని ప్రచురించింది. అయితే సామగ్రిలో పొదుపు చేసినట్టే సమయంలోనూ శుభ్రతలోనూ పొదుపు చేయబోతే సీసాలు చెడిపోతాయి. కింది సమస్యల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

సమస్య: సీసాలో బూజు, లేదా తెల్లని మడ్డి

పారేసే ముందు సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, చెడు ఎక్కడ మొదలైందో చూడాలి. మొక్క ముక్కకు దూరంగా, యానకం పైన కొద్ది రోజుల్లోనే దూదిపింజల్లాంటి చుక్కలు లేస్తే ఆ బూజు గాలి నుంచో, చేతి నుంచో, మూత నుంచో పడినది. ముక్క అడుగున, యానకంలోకి దిగిన భాగం చుట్టూ పాలు ఒలికినట్టు పలుచని వలయం కనిపిస్తే అది బాక్టీరియా. చాలాసార్లు కణజాలం లోపలే దాగి వస్తుంది. మొక్క పెట్టని సీసాలు కూడా చెడిపోతే ముందుగా కుక్కర్‌ను అనుమానించాలి.

కుక్కర్‌తో తరచూ జరిగే పొరపాటు, లోపలి గాలి పూర్తిగా పోకముందే వెయిట్ పెట్టేయడం. గాలి మిగిలితే ఒత్తిడి సరిపోయినట్టే కనిపిస్తుంది గాని ఉష్ణోగ్రత 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరదు. ఆవిరి ధారగా కొన్ని నిమిషాలు వచ్చాక వెయిట్ పెట్టి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి అందిన క్షణం నుంచి 20 నిమిషాలు లెక్కించాలి. సీసాలు పెద్దవైతే ఇంకొంత సమయం ఇవ్వాలి. తయారైన యానకాన్ని వారం రోజులు ఊరికే ఉంచి, తేటగా నిలిచిన సీసాలనే వాడుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా చౌకైన పరీక్ష.

వడగట్టిన గాలి వీచే పని బల్ల (లామినార్ ఫ్లో) లేనివారు, చేతులు దూర్చే రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టెలో పని చేయవచ్చు. ఫ్యాన్ ఆపి, పెట్టె లోపలి గోడలను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, గాలి నిలకడ పడేవరకు ఆగాలి. ఆల్కహాల్ ఆవిరి నిండిన పెట్టెలో మంట వెలిగించడం ప్రమాదం కాబట్టి, కత్తులను ముందే కుక్కర్‌లో శుద్ధి చేసి ఉంచుకోవడం మేలు.

లోపలి బాక్టీరియాకు బ్లీచ్ మందు కాదు. మోతాదు పెంచితే ముక్కే చచ్చిపోతుంది. తల్లిమొక్క ఆకులు తడవకుండా కొన్ని వారాలపాటు మొదలు దగ్గర మాత్రమే నీరు పోసి, కొత్తగా వచ్చిన చిగురు కొస నుంచి వీలైనంత చిన్న ముక్క తీసుకోవాలి. పైపై శుద్ధికి సుమారు 1 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణంలో ఒక చుక్క సబ్బు ద్రావణం కలిపి 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, శుద్ధి చేసిన నీటితో మూడుసార్లు కడిగితే సాధారణంగా సరిపోతుంది.

సమస్య: యానకం గడ్డకట్టడం లేదు

పీహెచ్ (ఆమ్లత కొలత) 5 కన్నా తగ్గితే, యానకాన్ని గడ్డకట్టించే అగార్ వేడికి విరిగిపోతుంది. కుక్కర్‌లో పెట్టే ముందే పీహెచ్‌ను 5.7 – 5.8కి సరిచేయాలి. అగార్ ఖర్చు భారమైతే లీటరుకు సుమారు 30 గ్రాముల ఇసబ్గోల్ పొట్టు వాడవచ్చు. అది ఉండలు కట్టకుండా ముందుగా పంచదారతో పొడిగా కలిపి, కలుపుతూ నీటిలో చల్లుకుంటూ పోవాలి.

సమస్య: కోసిన చోట నల్లబడి, ముక్క ఎదగకుండా ఆగిపోవడం

గాయం నుంచి ఊరే ఫినాల్ పదార్థాలు గాలి తగిలి నల్లబడి, యానకంలోకి దిగి ముక్కకే విషమవుతాయి. పదునైన కత్తితో ఒక్క వేటున కోసి, ముక్కను ఆస్కార్బిక్ ఆమ్ల ద్రావణంలో కాసేపు ఉంచి, మొదటి కొద్ది రోజులు చీకట్లో పెట్టాలి. యానకం రంగు మారిన వెంటనే కొత్త సీసాలోకి మార్చాలి.

సమస్య: ఆకులు గాజులా, నీరు పట్టినట్టుగా మారడం

మూత మరీ బిగుతుగా ఉండటం, యానకం మరీ పలుచగా ఉండటం, బీఏపీ వంటి సైటోకైనిన్ (చిగుర్లు వేయించే హార్మోన్) ఎక్కువ కావడం ఇందుకు ప్రధాన కారణాలు. మూతకు రంధ్రం చేసి శుద్ధి చేసిన దూదితో మూయడం, యానకాన్ని కాస్త గట్టిగా చేయడం, బీఏపీని సగానికి తగ్గించడం ఒక్కొక్కటిగా చేసి చూడాలి. ఒకేసారి మూడూ మార్చకపోతేనే అసలు కారణం తెలుస్తుంది.

సమస్య: బయటికి తీసిన మొక్కలు రెండు రోజుల్లో వాడిపోవడం

నెలల శ్రమ పోయేది ఇక్కడే కనుక ఈ దశలో తొందర అస్సలు పనికిరాదు. సీసాలో తేమ నిండుగా ఉండటం వల్ల ఆకుపై మైనపు పొర సరిగా ఏర్పడదు, పత్రరంధ్రాలకు మూసుకునే అలవాటు ఉండదు. బయటి పొడి గాలి తగలగానే నీరంతా పోతుంది. వేళ్లకు అంటిన యానకంలో పంచదార మిగిలితే బూజు పడుతుంది కాబట్టి గోరువెచ్చని నీటిలో మెత్తగా కడిగి నాటి, నీడలో పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుతో గుడారంలా కప్పాలి. మొదటి వారం కప్పును కదిలించకుండా, తర్వాత రోజూ కొంచెం కొంచెంగా అంచు ఎత్తుతూ, రెండు నుంచి నాలుగు వారాల్లో బయటి గాలికి అలవాటు చేయాలి. గుడారం కింద పుట్టిన కొత్త ఆకు గట్టిగా విచ్చుకున్నాకే కప్పు పూర్తిగా తీయాలి. అప్పటికి సీసాలో పుట్టిన పాత ఆకులు ఎండిపోయినా భయపడనక్కరలేదు.